కింది దవడ, ఎడమ వైపు

ప్వెర్తో మోంత్‌లో జూలై అంటే వానే.
గొడుగు విదిలించి లోపలికొచ్చింది ఎల్బా కార్కమో,
చేపల వాసన వదలని చేతుల్ని
కోటు జేబుల్లో దాచుకుని.

పేరు రాసింది. పుట్టిన తేదీ రాసింది.
'వృత్తి' అన్న చోట పెన్ను ఆగిపోయింది.
అంగుళం పొడుగు గీత అది.
పడవ కళాసీలు, టీచర్లు, ఉన్ని అల్లే ముసలమ్మలు
తల ఎత్తకుండా నింపేసే గీత.

"సమన్వయకర్త అని రాయనా?" అంది.
"రాయండి" అన్నాను.
"అంటే ఏమిటని అడుగుతారా?"
"ఇక్కడ పన్ను గురించే అడుగుతారు."

నా పని, ఉమ్మి లాగే గొట్టం పట్టుకోవడం.
గొట్టం పెట్టాక ఎవరూ మాట్లాడలేరు గనక
దానికి ముందున్న పది నిమిషాల్లోనే
అన్నీ నాకు చెప్పేస్తారు.

సాల్మన్ ఫ్యాక్టరీలో ఆమెకి ఇద్దరు యజమానులు.
ఉత్పత్తి చూసే ఓయార్సున్ బెల్టు ఆపొద్దంటాడు.
నాణ్యత చూసే బర్రియా ఎందుకు ఆపలేదంటుంది.
ఒకే గంటలో, ఒకే బెల్టు గురించి, ఒకే ఎల్బాని.
నియామక పత్రంలో ఆమె పనులు నాలుగు వరుసలు.
అయిదోది: 'అవసరాన్ని బట్టి అప్పగించే ఇతర పనులు.'
ఆ అయిదో వరుస
పై నాలుగింటినీ మింగి
త్రేన్చనైనా లేదు.

మార్చిలో ఓ రాత్రి శీతల గది మీటరు ఎర్రగా వెలిగింది.
ఆ మీట ఎవరు నొక్కాలో ఎవరికీ తెలీదు.
తను నొక్కింది.
"నిన్నెవరు నొక్కమన్నారు?" అని ఓ లేఖ.
మేలో మళ్ళీ వెలిగింది.
ఈసారి చేతులు కట్టుకుని నిలబడింది.
"చూస్తూ ఊరుకున్నావా?" అని ఇంకో లేఖ.
రెండింటి కిందా ఒకే సంతకం.

అడకత్తెరలో పోకచెక్క అంటారే,
పోకచెక్కకైనా తెలుసు
తను పోకచెక్కనని.

అప్పట్నుంచి రాత్రిళ్ళు నిద్రలో
ఆమె పళ్ళు డ్యూటీ చేస్తున్నాయి.
పక్క గదిలో చెల్లెలు ఎలుకనుకుందట,
పాపం, బోను కూడా పెట్టింది.
ఆదివారం మధ్యాహ్నం గిన్నెలు కడుగుతుండగానే
కడుపులో సోమవారం మొదలవుతుంది.
ఫోను మోగితే భయం. మోగకపోతే ఇంకా భయం,
తనది కాని పనేదో తను చేయలేదేమోనని.
జీతం వస్తుంది, టైముకే వస్తుంది.
దేనికో మాత్రం చీటీలో ఉండదు.

ఎక్స్‌రేలో పన్ను నిలువునా చీలి ఉంది,
వెంట్రుక వాసి.
"గట్టివేమైనా కొరికారా?" అన్నాడు డాక్టర్.
ఆమె తల అడ్డంగా ఊపింది.
ఈ చలికాలం ఆ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నాలుగో దవడ ఇది.
ముందొచ్చిన మూడూ కత్తి పట్టేవాళ్ళవి కావు.
ఒకాయన 'తాత్కాలిక ఇన్‌చార్జి'.
ఎంతకాలంగా అని అడిగితే
ఆరేళ్ళు అన్నాడు.

మత్తు ఎక్కుతుండగా నా వైపు తిరిగి
తిమ్మిరి పెదవితో అడిగింది:
"నీ పనేంటి ఇక్కడ?"
"ఈ గొట్టం పట్టుకోవడం."
"అంతేనా?"
"అంతే."
పదకొండేళ్ళలో నా ఉద్యోగాన్ని చూసి
ఒకరు అసూయపడటం
అదే మొదటిసారి.

ఆమె వెళ్ళాక ఫారం ఫైల్లో పెడుతూ చూశాను.
గీత మీద 'సమన్వ' అని రాసి
వదిలేసింది.

సాయంత్రం షట్టర్ దించుతుంటే డాక్టర్ పిలిచాడు.
"ఇసోలీనా, మందుల లెక్కలు కాస్త నువ్వే చూడకూడదూ?
ఇంకా అవీ ఇవీ. ఈ ఒక్క వారమే."
అవీ అంటే ఏవి, ఇవీ అంటే ఏవి,
అడుగుదామనే నోరు తెరిచాను.
ఆయన అప్పటికే కోటు తొడుక్కుంటున్నాడు.

బస్సు కోసం నిలబడ్డాక గమనించాను,
నా నాలుక దానంతటదే వెళ్ళి
ఎడమ వైపు, కింది దవడలో,
ఆఖరి పన్నును తడుముతోంది.